దాచడం ఒక్కరి పని కాదు
(స్మారకోపన్యాస పాఠం)

ఈ సంఘానికి కాపరిగా పనిచేసి కన్నుమూసిన అయ్యగారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచారు. విషయం నన్నే ఎంచుకోమన్నారు. క్రైస్తవ జీవితంలో రహస్య పాపం గురించి మాట్లాడతానని చెబితే కమిటీలో ఒకరిద్దరు ఇబ్బందిపడ్డారు. "స్మారక సభలో పాపం గోల ఎందుకండీ, అయ్యగారి సేవ గురించి చెప్పండి" అన్నారు. అయ్యగారి సేవ గురించి చెప్పాలంటే ఈ విషయం ఎత్తకుండా కుదరదని వారికి మనవి చేశాను.

అయ్యగారిని ఎరిగినవారికి ఆయన అలవాట్లు రెండు గుర్తుండే ఉంటాయి. మొదటిది కానుకల లెక్క. ఆరాధన అయ్యాక కానుక సంచులు బల్ల మీద గుమ్మరించి, తలుపు బార్లా తీసిపెట్టి, ముగ్గురు కలిసి లెక్కపెట్టాలి. చిల్లర, నోట్లు విడివిడిగా రాసి ముగ్గురూ సంతకం చేయాలి. ఆయన మాత్రం ఆ బల్ల దరిదాపులకు వచ్చేవారు కాదు. కోశాధికారి నమ్మకస్తుడే కదయ్యా, ఇంత తతంగం దేనికని ఎవరైనా అంటే, "నమ్మకస్తుడు గనకే ఆయన్ని డబ్బుతో ఒంటరిగా వదలకూడదు" అనేవారు. రెండోది, సంస్కారపు ఆదివారానికి ముందు వచ్చే శనివారం సాయంత్రం. ఆ పూట ఆయన ఎవరింటికీ వెళ్లేవారు కాదు. గుడి పక్క గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఎవరైనా వెళ్లి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. అక్కడ చెప్పుకున్నది ఏదీ మరుసటి ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా దొర్లిన పాపాన పోలేదు.

ఈ రెండు అలవాట్లకూ మూలం ఒకటే. మనిషిని శోధనతోనూ, పాపంతోనూ ఒంటరిగా వదలకూడదని ఆయన నమ్మారు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ నమ్మకానికి వివరణే.

రహస్య పాపం అనగానే మనకు తట్టే బొమ్మ ఒకటుంది. మూసిన గది, లోపల ఒక్క మనిషి, పైనుంచి చూస్తున్న దేవుడు. అది వాడికీ దేవుడికీ మధ్య వ్యవహారం, బయటివాళ్లకు సంబంధం లేదు. ఈ బొమ్మ తప్పని నేనంటాను. పాపం ఒక్కడే చేయగలడేమో గానీ, దాన్ని ఏళ్ల తరబడి దాచడం మాత్రం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. దానికి ఇంట్లోవాళ్లు, కింద పనిచేసేవాళ్లు, స్నేహితులు, ఒక్కోసారి సంఘమంతా చేయి వేయాలి. కొందరు తెలిసి వేస్తారు, కొందరు తెలియక, ఎక్కువమంది తెలుసుకోవడం ఇష్టంలేక. రహస్య పాపంలో ఉన్న అసలు ప్రమాదం అక్కడుంది.

దావీదు ఇంట్లో ఎవరెవరికి తెలుసు

సమూయేలు రెండో గ్రంథం 11వ అధ్యాయం మనందరికీ కంఠోపాఠమే. మేడ మీద నడక, బత్షెబ, ఆమె భర్త ఊరియా మరణం. ప్రసంగాల్లో ఎక్కువగా దావీదు కళ్ల గురించి వింటాం. యుద్ధానికి వెళ్లవలసిన కాలంలో ఇంట్లో ఉండిపోవడం గురించి వింటాం. ఈసారి ఆ అధ్యాయాన్ని ఇంకో ప్రశ్నతో చదవండి: ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

రాజు ఆ స్త్రీ ఎవరని వాకబు చేయించాడు. ఫలానావాడి కూతురు, ఫలానావాడి భార్య అని ఎవరో వచ్చి చెప్పారు. అంటే ఆమెకు పెళ్లయిందన్న సంగతి రాజు నోటికి రాకముందే ఒక సేవకుడి నోట పలికింది. తర్వాత ఆమెను తీసుకురావడానికి దూతలు వెళ్లారు. ఒక్కరు కాదు, కొందరు. నేను గర్భవతినని ఆమె కబురు పంపినప్పుడు ఆ కబురు మోసినవాళ్లున్నారు. ఊరియాను పంపమని సేనాధిపతి యోవాబుకు వర్తమానం వెళ్లింది. ఊరియా తన ఇంటికి పోకుండా రాజనగరు ద్వారం దగ్గర సేవకులతో పడుకుంటే, ఆ విషయం రాజుకు చేరవేసినవాళ్లున్నారు. ఆ ద్వారం దగ్గర పడుకున్న సేవకుల్లో, కొన్ని వారాల కిందట అతని భార్యను తీసుకొచ్చినవాళ్లు ఎందరో మనకు తెలియదు. చివరికి మరణశాసనం రాసిన ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపించాడు.

యోవాబు ఆ ఉత్తరం చదివాడు. ఎందుకని అడగలేదు. ప్రాకారం దగ్గర బలవంతులున్న చోట ఊరియాను నిలబెట్టాడు. అక్కడ ఊరియా ఒక్కడే చావలేదు, దావీదు సేవకుల్లో మరికొందరు కూడా కూలారు. వాళ్ల పేర్లు లేఖనంలో లేవు. వాళ్ల ఇళ్లల్లో ఏడ్చిన తల్లులకు తమ బిడ్డ ఒక గర్భాన్ని కప్పిపుచ్చడానికి చచ్చాడని ఎన్నటికీ తెలిసి ఉండదు. తర్వాత యోవాబు ఒక దూతకు ఏం చెప్పాలో, రాజుకు కోపం వస్తే ఏ మాటతో చల్లార్చాలో నేర్పించి పంపాడు. రాజు విని, యుద్ధమన్నాక కత్తి ఎవర్నైనా మింగుతుందన్న ధోరణిలో సేనాధిపతికి ధైర్యం చెప్పి పంపించాడు.

ఒక మనిషి ఒక రాత్రి చేసిన పాపం దాగడానికి ఎందరు కావలసి వచ్చారో చూశారా? రాజనగరులో సగంమందికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. అందరికీ తలా ఒక చిన్న పనే పడింది. ఒకడు కబురు మోశాడు, ఒకడు తలుపు తీశాడు, ఒకడు ఉత్తరం విప్పాడు. ఎవరి మట్టుకు వాళ్లు ఆజ్ఞ పాటించారు. హత్య చేశామని వాళ్లలో ఎవరికీ అనిపించి ఉండదు.

ఇంకో మాట. ఈ కథను మనం 'దావీదు బత్షెబల వ్యభిచారం' అని మామూలుగా అనేస్తాం. రాజు మనుషులు ఇంటి ముందు నిలబడితే, సైనికుడి భార్య రానని అనగల రోజులా అవి? తర్వాత ఈ పాపాన్ని బయటపెట్టడానికి నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానంలో, ధనవంతుడు లాక్కున్న గొఱ్ఱెపిల్ల తప్పేమీ లేదు. పాపాన్ని దాచినప్పుడు దానితోపాటు దెబ్బతిన్న మనిషినీ దాచేస్తాం. అందుకే రహస్య పాపం విషయంలో మొదట అడగవలసింది పాపి పరువు ఏమవుతుందని కాదు. ఆ పాపం కింద ఎవరు నలుగుతున్నారని.

ఆకాను కథ కూడా ఇలాంటిదే. యెరికోలో శపితమైన సొమ్ములోంచి ఒక షీనారు వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మీ తీసి డేరా మధ్య నేలలో పాతాడు. డేరా అంటే ఒకటే గది. అందులో అంతా కలిసి తిని, కలిసి పడుకునే కాపురం. నేల తవ్విన సంగతి తక్కినవాళ్లకు కనబడకుండా ఉంటుందా? ఆ తర్వాత హాయి మీదికి వెళ్లిన 3,000 మందిలో 36 మంది చనిపోయారు. ఆ 36 మందికీ ఆ బంగారంతో ఏ సంబంధమూ లేదు.

ఏమీ జరగకపోవడం

పాపం చేస్తే వెంటనే దెబ్బ తగులుతుందని చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్నాం. పెద్దయ్యాక తెలిసేదేమిటంటే, చాలాసార్లు ఏమీ జరగదు. ఆదివారం మామూలుగానే వస్తుంది. ప్రసంగం మామూలుగానే, ఇంకా బాగానే వస్తుంది. పాట పాడితే జనం కళ్లు తుడుచుకుంటారు. ప్రార్థించిన రోగికి నయమవుతుంది. అప్పుడు లోపల ఒక లెక్క మొదలవుతుంది: దేవుడు నన్ను వాడుకుంటున్నాడు గనక, ఆయన దీన్ని అంత పెద్దగా పట్టించుకోవడం లేదు.

ఈ లెక్క ఎంత ప్రమాదమో న్యాయాధిపతుల గ్రంథంలో సమ్సోనును చూస్తే తెలుస్తుంది. బలం ఉన్నన్నాళ్లూ అతనికి అనుమానం రాలేదు. దేవుడు తనను విడిచిన సంగతి తెలియక, ఎప్పట్లాగే లేచి విదిలించుకోబోయాడు. వరాలు పనిచేయడం వేరు, మనిషి ఆరోగ్యంగా ఉండడం వేరు. దావీదూ అంతే. బిడ్డ పుట్టేదాకా, అంటే ఏడాదికి దగ్గరగా, సింహాసనం మీదే ఉన్నాడు. తీర్పులు తీర్చాడు. నాతాను ధనవంతుడి కథ చెప్పగానే మండిపడ్డాడు. వాడు చావాలన్నాడు, గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు తిరిగి ఇవ్వాలన్నాడు. ఇతరుల పాపం మీద కోపం అతనిలో చల్లారలేదు, ఇంకా రాజుకుంది. దాచుకున్నవాడి లక్షణాల్లో ఇదొకటి. తాను ఏ పాపంలో ఉన్నాడో ఆ పాపం మీదే గట్టిగా ప్రసంగించడం మనం చూడనిది కాదు.

ఆ ఏడాది లోలోపల ఎలా గడిచిందో 32వ కీర్తన చెబుతుంది. నోరు మూసుకుని ఉన్నన్నాళ్లూ ఎముకలు క్షీణించాయని, వేసవిలో తేమ ఇంకినట్లు సారమంతా ఎండిపోయిందని అంటాడు. సంప్రదాయంగా ఆ కీర్తనను దావీదుదిగానే చదువుతాం. బయట సింహాసనం, లోపల ఎండకాలం.

కాల్‌మనీ అప్పు చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. అసలు అలాగే ఉంటుంది, వడ్డీ మాత్రం రోజూ కట్టాలి. దాచిన పాపానికి వడ్డీ అబద్ధం. ఎక్కడున్నావంటే ఒక అబద్ధం, ఎందుకు ఆలస్యమైందంటే ఇంకొకటి, ఫోన్ ఎందుకు తిరగేసి పెట్టావంటే మరొకటి. కొన్నాళ్లకు ఆ మనిషి తెలివి, జ్ఞాపకశక్తి, ఓపిక అంతా ఆ వడ్డీకే పోతుంది. ప్రార్థనకు మిగిలేది పైమాటలే. వాక్యం చదివినా ఎవరికి చెప్పాలా అనే చదువుతాడు, తనకోసం చదవడం ఆగిపోతుంది. హెబ్రీ పత్రిక 3వ అధ్యాయం హెచ్చరించే కాఠిన్యం ఇదే. అది ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. గమనించండి, అక్కడ మందు కూడా చెప్పారు: అనుదినం ఒకరినొకరు హెచ్చరించుకోవడం. అంటే ఆ కాఠిన్యం నుంచి తప్పించడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి.

చనిపోయాక తెరిచిన ఫోన్లు

మన కాలం సంగతి ఒకటి చెబుతాను. రవి జకరయాస్ పేరు మీలో చాలామందికి తెలుసు. 1946లో మద్రాసులో పుట్టి, ఢిల్లీలో పెరిగి, తర్వాత కెనడా, అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. 1984లో తన పేరుతో సంస్థ పెట్టి, విశ్వవిద్యాలయాల్లో నాస్తికుల ప్రశ్నలకు జవాబులు చెబుతూ ప్రపంచమంతా తిరిగారు. మన యువతలో ఆయన వీడియోలు చూసి విశ్వాసంలో నిలదొక్కుకున్నవాళ్లున్నారు. 2020 మే 19న క్యాన్సర్‌తో చనిపోయారు. స్మారక సభలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ కూడా మాట్లాడారు.

కొద్ది నెలల్లోనే ఆరోపణలు బయటికొచ్చాయి. సంస్థే ఒక న్యాయవాద సంస్థను దర్యాప్తుకు నియమించింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఆ నివేదిక చదవడం కష్టం. ఆయన ఏళ్ల తరబడి మసాజ్ థెరపిస్టులతో లైంగికంగా అసభ్యంగా ప్రవర్తించారని తేల్చింది. ఆయన ఫోన్లలో 200 మందికి పైగా మసాజ్ థెరపిస్టుల నంబర్లు దొరికాయి. సంస్థలో మానవతా సాయం పేరుతో ఉన్న నిధి నుంచి వారిలో కొందరికి డబ్బు వెళ్లిందని బయటపడింది. ఒక స్త్రీ తన మీద అత్యాచారం జరిగిందని చెప్పింది. నోరు విప్పితే తన పేరు చెడి లక్షల ఆత్మలు రక్షణకు దూరమవుతాయని, ఆ భారం ఆమెదేనని హెచ్చరించారని కూడా చెప్పింది.

ఈ చివరి మాట దగ్గర ఆగండి. ఒక స్త్రీ గొంతు నొక్కడానికి సువార్తనే వాడడమంటే ఇదే. పాపం దాక్కోవడానికి సేవ కన్నా సురక్షితమైన చోటు ఉండదు, ఎందుకంటే సేవను ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్లు మనం మాట్లాడతాం.

అంతకు ముందు సంగతి కూడా తెలుసుకోవాలి. 2017లోనే కెనడా దంపతులతో వివాదం నడిచింది. ఆయనే వాళ్ల మీద దావా వేశారు. విషయం బయట మాట్లాడకూడదన్న ఒప్పందంతో అది ముగిసింది. సంస్థ పెద్దలు ఆయన మాటే నమ్మారు. ఇంకా ప్రశ్నలు అడిగిన సిబ్బందికి లోపల చోటు లేకుండా పోయింది. తర్వాత బోర్డే బహిరంగంగా క్షమాపణ చెప్పింది, ఫిర్యాదు చేసినవాళ్లను నమ్మనందుకు, తగిన జవాబుదారీ లేకుండా వదిలినందుకు. ఒక్కడు చేశాడు, ఒక వ్యవస్థ దాచింది. అందులో దుర్మార్గులు ఎందరో నాకు తెలియదు గానీ, ఎక్కువమంది భక్తిపరులేనని నమ్ముతాను. దావీదు సేవకుల్లాగే తలా ఒక చిన్న పని చేసి ఉంటారు. ఒకరు ప్రయాణ టికెట్లు చేశారు, ఒకరు చెక్కు రాశారు, ఒకరు వచ్చిన ఉత్తరాన్ని ఫైల్లో పెట్టారు.

మన సంఘాల్లో దాక్కునే చోట్లు

దూరపు కథలు వింటే మనకు తీరిగ్గా ఉంటుంది. కాబట్టి ఇంటికి వద్దాం.

మన సాక్ష్యాలు వినండి. వాటిలో పాపం ఎప్పుడూ భూతకాలంలోనే ఉంటుంది. "రక్షణ పొందకముందు తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, భార్యను కొట్టేవాణ్ణి." బాప్తిస్మం దగ్గర ఆ జాబితా ఆగిపోతుంది. తర్వాత ఇరవై ఏళ్లు ఆ మనిషి ఒక్క పాపమూ చేయలేదన్నమాట! "మొన్న మంగళవారం ఇలా పడిపోయాను, సహాయం చేయండి" అన్న సాక్ష్యం మీరెప్పుడైనా విన్నారా?

బుధవారం ఉపవాస ప్రార్థనలో మనవులు వినండి. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, కూతురి పెళ్లి, కొడుకు వీసా, బదిలీ, ఇంటి స్థలం రిజిస్ట్రేషన్. ఇవన్నీ దేవుడికి చెప్పుకోవలసినవే. ఒక్కోసారి ఎవరో లేచి, "మనసులో ఒక మనవి ఉంది, ప్రార్థించండి" అని కూర్చుంటారు. అందరం కళ్లు మూసుకుని ప్రార్థిస్తాం. ఆమెన్ అయ్యాక ఆ మనిషి దగ్గరికి వెళ్లి, "ఏమ్మా, ఏమైంది?" అని అడిగేవాళ్లు లేరు. అడిగితే మర్యాద కాదనుకుంటాం. ఆ మర్యాదే ఒక్కోసారి ఆ మనిషి మీద మూత బిగిస్తుంది.

ఆన్‌లైన్ బెట్టింగ్‌లో జీతమంతా పోగొట్టుకుని, లోన్ యాప్‌ల ఫోన్లకు భయపడి ఇంట్లో తలెత్తలేని పిల్లలు మన యవ్వనస్థుల కూటాల్లోనే ఉన్నారు. గిటారు వాయించేది కూడా వాళ్లలో ఒకడు కావచ్చు. అర్ధరాత్రి ఫోన్లో చూసే అశ్లీల దృశ్యాల బానిసత్వం యవ్వనస్థులకే పరిమితం కాదన్న సంగతి పెద్దలకు తెలుసు. వీళ్లెవరూ దుష్టులు కారు. వెళ్లి చెప్పుకోవడానికి ఒక కుర్చీ, ఎదురుగా నోరు జారని ఒక మనిషి లేక లోపలే ఎండిపోతున్నవాళ్లు.

ఇక దాచకుండానే దాగిపోయిన పాపాలు వేరే ఉన్నాయి. 1961 నుంచీ ఈ దేశంలో వరకట్న నిషేధ చట్టం ఉంది. అయినా పెళ్లి చూపుల్లో ప్రార్థనతో మొదలుపెట్టి, బైబిలు మూసి, లాంఛనాలు మాట్లాడుకుని, మళ్లీ ప్రార్థనతో ముగిస్తాం. పేరు కట్నం కాదు, 'పిల్లకు పెట్టేది'. సంబంధం వెతికేటప్పుడు రక్షణ పొందినవారు కావాలంటాం, ఆ వెంటనే కులం కూడా అడుగుతాం. ఈ పాపాన్ని ఎవరూ నేలలో పాతిపెట్టలేదు. డేరా మధ్య పరిచి ఉంచాం, అందరం దాని మీదే కూర్చున్నాం. దాచడంలో సంఘమంతా పాలుపంచుకుంటే ఇక దాచవలసిన అవసరమే ఉండదు.

ప్యోంగ్యాంగ్‌లో లేచి నిలబడ్డ పెద్ద

ఇందుకు భిన్నమైన దృశ్యం ఒకటి. 1907 జనవరి, ఇప్పటి ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్. చలికాలపు బైబిలు తరగతులకు ఊళ్ల నుంచి వందల మంది పురుషులు నడిచి వచ్చారు. ఆ రోజుల్లో కిల్ సన్జు అనే సంఘ పెద్ద అందరి ముందూ లేచి నిలబడ్డాడు. చనిపోతున్న ఒక స్నేహితుడు తన ఆస్తి వ్యవహారాలు చూసి భార్యకు అప్పగించమని తనను కోరాడని, అలా చూస్తూ అందులోంచి కొంత డబ్బు తాను వాడుకున్నానని చెప్పాడు. తానే ఆకానునని, తన వల్లే ఇక్కడ దీవెన ఆగిపోయిందని అన్నాడు. ఆ డబ్బు విధవరాలికి తిరిగి ఇచ్చేస్తానని మాట ఇచ్చాడు.

ఆ ఒప్పుకోలుతో కట్టలు తెగాయి. ఒకరి తర్వాత ఒకరు లేచారు. తర్వాతి రోజుల్లో క్రైస్తవులు ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి దొంగిలించినవి, ఎగ్గొట్టినవి తిరిగి ఇచ్చారని, ఎప్పుడో మరిచిపోయిన సొమ్ము చేతికి వచ్చి వ్యాపారులు నిర్ఘాంతపోయారని అక్కడున్న మిషనరీలు రాశారు. కిల్ సన్జు అదే సంవత్సరం కొరియా ప్రెస్బిటేరియన్ సంఘంలో మొదటి ఏడుగురు స్థానిక పాస్టర్లలో ఒకడిగా అభిషేకం పొందాడు. 1919లో కొరియా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలోనూ ఉన్నాడు. ఒప్పుకుంటే సేవ ముగిసిపోతుందని భయపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కానీ ఒక ఉజ్జీవం ఎల్లకాలానికీ సరిపోదు. సరిగ్గా ఆ ఊళ్లోనే 1938లో ప్రెస్బిటేరియన్ జనరల్ అసెంబ్లీ, అప్పటి పాలకులైన జపాన్ ప్రభుత్వపు ఒత్తిడికి లొంగి, షింతో గుళ్ల ముందు వంగడం మతాచారం కాదని తీర్మానించింది. ఒప్పుకోనివాళ్లు జైళ్లకు వెళ్లారు, కొందరు అక్కడే చనిపోయారు. వంగినవాళ్లలో చాలామంది స్వాతంత్ర్యం వచ్చాక మాట్లాడకుండా ఊరుకున్నారు. అది అందరికీ తెలిసి ఎవరూ ఎత్తని సంగతి అయిపోయింది.

1992లో హన్ క్యుంగ్-చిక్ అనే పాస్టరు గారికి టెంపుల్టన్ బహుమతి వచ్చింది. సోల్‌లో యంగ్నాక్ సంఘాన్ని 1945లో స్థాపించి, శరణార్థుల మధ్య, అనాథల మధ్య జీవితమంతా గడిపిన పెద్దాయన. అప్పటికి తొంభైకి దగ్గర పడ్డారు. ఆయన గౌరవార్థం సోల్‌లో జరిగిన సభలో లేచి, జపాన్ కాలంలో తానూ షింతో గుడి ముందు వంగిన పాపినని చెప్పారు. ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఒక్క దండ కూడా తగ్గేది కాదు. ఒకాయన స్మారక సభ అయ్యాక ఫోన్లు తెరవవలసి వచ్చింది. ఇంకొకాయన సన్మాన సభలోనే తన పాత ఖాతా తానే తెరిచి చూపించారు. ఈ ఇద్దరిలో ఎవరిలా ముగియాలో మనలో ప్రతి ఒక్కరం, ముఖ్యంగా ప్రసంగ వేదిక ఎక్కేవాళ్లం, ఇప్పుడే తేల్చుకోవాలి.

ఎక్కడ చెప్పుకోవాలి

అయితే అందరూ ఆదివారం లేచి అన్నీ చెప్పేయాలా? వద్దు. అలా చెబితే సంఘం కోర్టు అవుతుంది, లేదా వీధి అరుగు అవుతుంది. ఒకరి ఒప్పుకోలులో ఇంకొకరి పరువు ఉంటుంది. మన దగ్గర మాట ఎంత త్వరగా ఊరు దాటుతుందో చెప్పనక్కర్లేదు. చెడు జరిగింది ఎవరికో ముందు వాళ్ల దగ్గర ఒప్పుకోవాలి. తర్వాత ఒకరిద్దరు నమ్మకస్తుల దగ్గర.

ఇది కొత్త మాట కాదు. 1738 డిసెంబరులో జాన్ వెస్లీ చిన్న చిన్న గుంపులకు నియమాలు రాశాడు. కొద్దిమంది వారానికోసారి కూడాలి. తెలిసి చేసిన పాపాలేమిటో, ఎదురైన శోధనలేమిటో, వాటినుంచి ఎలా తప్పించుకున్నారో చెప్పుకోవాలి. చేరేముందే అడిగేవారు: నీ తప్పులు మొహం మీదే చెప్పించుకోవడం నీకు ఇష్టమేనా? మెథడిస్టు ఉద్యమం పెద్ద పెద్ద కూటాలతో పెరిగిందని మనం చెప్పుకుంటాం, దాన్ని నిలబెట్టింది ఈ చిన్న గుంపులు. జర్మనీలో డీట్రిక్ బోన్‌హోఫర్ ఫింకెన్‌వాల్డే సెమినరీలో విద్యార్థులను, సంస్కారం తీసుకునే ముందు ఒక సోదరుడి దగ్గర పాపం ఒప్పుకోమని ప్రోత్సహించాడు. 1937లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ సెమినరీ మూయించింది. అక్కడి అనుభవం మీద రాసిన చిన్న పుస్తకంలో, ఆయన పాపిని ఒంటరివాడిగానే చూస్తాడు. భక్తిపరుల గుంపులో అందరూ భక్తిపరులుగానే ఉండాలి గనక, అక్కడ పాపికి చోటుండదని, అందుకే అతను దాక్కుంటాడని వాదిస్తాడు. మన అయ్యగారి శనివారపు కుర్చీలు ఆ చోటు ఇవ్వడానికే.

ఒక హద్దు మాత్రం గట్టిగా చెప్పాలి. ఒప్పుకోలు నేరాన్ని మాఫీ చేసే దారి కాదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరి బాధ్యత. చెప్పకపోవడమే నేరం. సంఘ పెద్దల గదిలో ప్రార్థన చేసి, అమ్మాయి భవిష్యత్తు అంటూ సర్దిచెప్పి పంపడానికి వీల్లేదు. క్షమాపణ దేవుడిది, బాధితురాలిది. వారి తరఫున క్షమించే అధికారం కమిటీకి ఎవరూ ఇవ్వలేదు. పశ్చాత్తాపం నిజమైతే ఆ మనిషే స్టేషనుకు నడవాలి, మనం వెంట వెళ్లాలి.

కాబట్టి ఈ సంఘానికి నా మనవులు మూడు. ఒకటి, అయ్యగారి శనివారం సాయంత్రాన్ని తిరిగి మొదలుపెట్టండి. స్త్రీలకు స్త్రీల దగ్గర, అనుభవమున్న ఒక పెద్దమ్మ దగ్గర, చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. రెండు, ప్రసంగ వేదిక ఎక్కే ప్రతి ఒక్కరికీ, కాపరి గారితో సహా, ప్రశ్నించే హక్కున్న ఇద్దరు మనుషులుండాలి. డబ్బు, ప్రయాణాలు, ఫోను, కుటుంబం, ఏది అడిగినా జవాబు చెప్పాలి. ఆ ఇద్దరూ కాపరి గారి కింద జీతం తీసుకునేవాళ్లు కాకూడదు. మూడు, ఎవరైనా ఒక సేవకుడి గురించి ఫిర్యాదు తెస్తే ముందు వినండి. అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న మాట అడ్డం పెట్టి నోరు మూయించకండి. దావీదు కూడా అభిషిక్తుడే, దేవుడే అతని దగ్గరికి నాతానును పంపాడు.

దావీదు పాపం దాచడానికి రాజనగరులో సగంమంది కావలసి వచ్చారు. దాన్ని వెలుగులోకి తేవడానికి ఒక్క నాతాను చాలాడు. అయితే తర్వాతి భాగం మనం తరచుగా చదవకుండా వదిలేస్తాం. దావీదు నాతానును చంపించలేదు, జైల్లో పెట్టించలేదు. తర్వాత పుట్టిన కొడుకుల్లో ఒకడికి నాతాను అనే పేరుందని దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. అతడు బత్షెబ కొడుకే. ఆ పేరు ప్రవక్తను తలుచుకుని పెట్టాడో లేదో లేఖనం చెప్పదు. కానీ తన పాపాన్ని మొహం మీద చెప్పిన మనిషి పేరును ఆ ఇంట్లో రోజూ పిలిచారు. తప్పు చెప్పినవాడి పేరు ఇంట్లో పిలుచుకోగలిగే సంఘంలో పాపం ఎక్కువ కాలం దాగలేదు. మన సంఘం అలాంటిది కావాలని కోరుకుంటున్నాను.